అడగకుండా నడిచిన దారి

మన పత్రికలో కోటల గురించీ, మ్యూజియముల గురించీ చాలామంది రాశారు. మేము రాయబోయేది ఒక కాలిబాట గురించి. యార్క్‌షైర్‌లో హెబ్డెన్ బ్రిడ్జి నుంచి హావర్త్ వరకు, కొండల మీదుగా పది పన్నెండు మైళ్ళు. పోయిన ఆగస్టులో, రోటా పుణ్యమా అని ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికిన ఆదివారం నాడు, మేమిద్దరం మా తొమ్మిదేళ్ళ అబ్బాయితో నడిచాం. సంచిలో పులిహోర, వానకోట్లు, ఆర్డినెన్స్ సర్వే మ్యాపు.

నిజానికి ఇది రెండో ప్రయత్నం. రెండేళ్ళ కిందట ఇదే దారిన బయల్దేరి సగంలో తిరిగి వచ్చేశాం. బాట నేరుగా ఒకరి పొలం గేటులోంచి, ఇంటి ముంగిట్లోంచి పోతోంది. కుక్క మొరిగింది. కిటికీలో ఎవరో కనబడ్డారు. పరాయివాళ్ళ వాకిట్లోకి అలా ఎలా వెళ్తాం? "సారీ" అని గాలికి చెప్పి వెనక్కి తిరిగాం. ఎవరూ పొమ్మనలేదు. మేమే వచ్చేశాం.

ఈసారి చదువుకుని వెళ్ళాం. డాక్టర్లం కదా, తప్పిన పరీక్షకు మళ్ళీ చదవడం అలవాటే. ఈ దేశంలో పొలం ఆసామిదే అయినా, దాని మీది కాలిబాట జనానిది. 1949 నాటి చట్టంతో ఇంగ్లండు, వేల్సులలో ఇలాంటి బాటలను పటాలకెక్కించడం మొదలుపెట్టారు. ఆసామి బాటకు అడ్డం కట్టకూడదు. మనం బాట వదలకూడదు, తీసిన గేటు మూయాలి.

మమ్మల్ని ఆశ్చర్యపరిచింది 1980 నాటి హైవేస్ చట్టం. ఒక దారిని జనం 20 ఏళ్ళు ఎడతెగకుండా నడిస్తే, ఆసామికి ఆ ఉద్దేశం లేదని రుజువైతే తప్ప, అది జనానికి వదిలినట్టే లెక్క. అయితే ఆ నడకలో బలవంతం ఉండకూడదు, చాటుమాటు ఉండకూడదు, అనుమతి కూడా ఉండకూడదు. ఆ మూడోది రెండుసార్లు చదివాం. అనుమతి తీసుకుని నడిస్తే ఎన్నేళ్ళు నడిచినా హక్కు రాదన్నమాట! గుంటూరులో చదువు ముగించి వచ్చింది లగాయతు మేము చేసిందల్లా అనుమతులు అడగడమే. ప్లాబ్, రిజిస్ట్రేషన్, వీసా, మళ్ళీ వీసా పొడిగింపు.

హెబ్డెన్ వాగు పక్కన హార్డ్‌కాజిల్ క్రాగ్స్ అడవిలో మొదటి గంట చల్లగా గడిచింది. 1800 ప్రాంతంలో కట్టిన గిబ్సన్ నూలు మిల్లు వాగు ఒడ్డున ఇంకా నిలిచే ఉంది. అడవి దాటి పైకెక్కితే అన్నీ రాతిగోడలు, గొర్రెలు. ఆ తరువాత మా పాత గేటు.

మావాడు మ్యాపులోని ఆకుపచ్చ చుక్కలు చూసుకుని ముందే దూరిపోయాడు. మేము వెనకాల గొణుక్కుంటూ వెళ్ళాం. కొట్టంలోంచి ఆసామి బయటికి వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే మేమిద్దరం ఒక్క గొంతుతో "సారీ" అన్నాం. ఆయన వింతగా చూసి, "బాట ఆ గోడకి ఎడం పక్కనుంచి. గేటు వేసి వెళ్ళండి, అంతే," అన్నాడు.

కాస్త దూరం పోయాక మావాడు అడిగాడు: "మనమేం తప్పు చేశాం నాన్నా, సారీ ఎందుకు చెప్పారు?"

జవాబు తోచలేదు. మా ఊళ్ళో పుంతదారినీ, పొలం గట్లనూ ఎవరినైనా అడిగి నడిచామా? అడగాలన్న ఊహే ఉండేది కాదు. ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఊరి చివరి పేటవాళ్ళు మా వీధిలోకి వస్తే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడిచేవారని మా నాయనమ్మ చెప్పేది, అదేదో మంచి మర్యాద అన్నట్టు. ఎవరూ పొమ్మనకుండానే మనిషి ఎందుకు వెనక్కి తిరుగుతాడో ఆ గేటు దగ్గర మాకు కొంచెం తెలిసింది. కొంచెమే.

వాల్షా డీన్ జలాశయాల దగ్గర పెన్నైన్ వే కలిసింది. 1965లో తెరిచిన బాట. కొండ మీద హెదర్ ఊదారంగులో విరగబూసి ఉంది. టాప్ విదెన్స్ పాడుబడ్డ ఇంటి దగ్గర పులిహోర తిన్నాం. ఎమిలీ బ్రాంటీ తన నవలకు మనసులో పెట్టుకున్న చోటు ఇదేనేమో అంటారు. అక్కడి దారిగుర్తుల మీద ఇంగ్లీషుతో పాటు జపాను భాష కూడా ఉంది. వాళ్ళు అంతమంది వచ్చారు మరి! "తెలుగెప్పుడు రాస్తారు?" అన్నాడు మావాడు. "ముందు నడవాలి కదరా," అంది వాళ్ళమ్మ.

హావర్త్ చేరేసరికి సాయంత్రమైంది. చర్చి పక్క సమాధులు చూసి మాలోని డాక్టర్లు లేచారు. 1850లో బాబేజ్ అనే ఇన్‌స్పెక్టరు ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ ఊళ్ళో చనిపోయినవారి సగటు వయసు 25.8 ఏళ్ళు. నూటికి 41 మంది పిల్లలు ఆరేళ్ళు నిండకుండానే పోయేవారు. నీళ్ళు చెడ్డవి, మురుగుకి దారి లేదు. ఆ ఇన్‌స్పెక్టరును రప్పించడానికి అర్జీలు పెట్టినవాడు బ్రాంటీ అక్కచెల్లెళ్ళ తండ్రి, ప్యాట్రిక్. ఆయన ఐర్లండు నుంచి వచ్చినవాడు. 1820లో ఈ ఊరికి వచ్చి, ఆరుగురు పిల్లలనూ పోగొట్టుకుని, 1861లో ఇక్కడే కన్నుమూశాడు. వచ్చినవాడే అయినా ఊరికి మంచినీళ్ళు కావాలని గట్టిగా అడిగాడు. ఆ సమాధుల మధ్య కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాం.

మేము మారిపోయామని చెప్పం. సోమవారం వార్డులో ఎవరో వచ్చి మాకు తగిలితే, సారీ చెప్పింది మేమే. కానీ వచ్చే వేసవిలో మళ్ళీ వెళ్తాం. రాదలచినవారు ముందుగా చెప్పండి, పులిహోర కాస్త ఎక్కువ కలుపుతాం. మంచి బూట్లు తెచ్చుకోండి. గేట్లు మూయడం మరవకండి. కుక్క మొరుగుతుంది. మొరగనివ్వండి.