రాత్రి తొమ్మిదింటి ఇంజెక్షన్

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఆ అమ్మాయి అరచేతిలో నర్సు బాల్‌పెన్నుతో ‘9’ అని రాసింది. “తొమ్మిదంటే తొమ్మిదేనమ్మా. ఎనిమిదిన్నర కాదు, పది కాదు.”

హైదరాబాద్‌లోని ఆ సంతాన సాఫల్య కేంద్రానికి నేను వెళ్లింది సోమవారం. ఆమె అండాలు తీసేది బుధవారం పొద్దున తొమ్మిదింటికి. స్కానింగ్‌లో అండాలుండే తిత్తులు, అంటే ఫాలికల్స్, 18 మిల్లీమీటర్లకు పెరిగాయి. లోపలి అండాలు పండాలంటే మామూలుగా పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా ఎగదన్నాలి. ఆ పని ఇక్కడ హెచ్‌సీజీతో చేయిస్తారు. కడుపు పండిన తొలి రోజుల్లో, మాయగా మారబోయే కణాలు తయారుచేసే హార్మోన్ ఇది. గర్భం నిలవడానికి కావలసిన ప్రొజెస్టెరాన్ ఆగిపోకుండా కాపాడుతుంది. ఎల్‌హెచ్ పట్టుకునే చోటునే ఇదీ పట్టుకుంటుంది, ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. సూది పడ్డాక సుమారు 36 గంటలకు అండాలు తీయాలి. ఆలస్యమైతే అవి వాటంతటవే విడుదలైపోతాయి, ఇన్నాళ్ల సూదులూ వృథా.

నర్సు ఫ్రిజ్‌లోంచి చిన్న సీసా తీసి చూపించింది. అడుగున తెల్లటి పొడి, 5000 యూనిట్లు. గర్భిణుల మూత్రం నుంచి తీసిన మందు. నెదర్లాండ్స్‌లో 1931 నుంచి ‘తల్లుల కోసం తల్లులు’ పేరుతో గర్భిణులు దీనికోసమే మూత్రం దానమిస్తూ వచ్చారు. ప్రయోగశాలలో కణాలతో చేసిన రకమూ ఇప్పుడుంది. అయినా ఆ సీసా చేతిలో ఉన్నంతసేపూ ముఖం తెలియని ఏ తల్లులో నా కళ్లముందు మెదిలారు.

పక్క గదిలో జిమ్ కండల కుర్రాడు తల వంచుకుని కూర్చున్నాడు. కండల కోసం టెస్టోస్టెరాన్ సూదులు వేసుకున్నాడు. ఇప్పుడు వీర్యకణాలు లేవు. బయటి హార్మోన్ చూసి పిట్యూటరీ పని మానేసింది, వృషణాలు నిద్రపోయాయి. హెచ్‌సీజీ నేరుగా వాటినే తట్టి లేపుతుంది. “నెలలు పడుతుంది నాయనా, ఓపిక పట్టు” అన్నారు డాక్టరుగారు. ఈ సంగతి ప్రతి జిమ్ గోడ మీదా రాయాలనిపించింది నాకు.

బయట ఇంకొకామెకు నర్సు నచ్చజెబుతోంది: “రెండు వారాల దాకా ఇంట్లో ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకోకక్కా. ఈ సూది మందే రెండు గీతలు చూపిస్తుంది. ఆశపడి ఏడుస్తావు.”

నేను బయల్దేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలు. నర్సు అప్పటికే ఆ నల్గొండ అమ్మాయికి ఫోన్ కలిపింది. “సూది రెడీగా పెట్టుకున్నావామ్మా?”