శనగబద్దంత ఆసరా

మా తమ్ముడు బందరులో డిప్లొమా చదివేటప్పుడు ప్రాజెక్టు కోసం ఓ లెక్కింపు యంత్రం చేశాడు. మీట నొక్కినప్పుడల్లా తెరమీద ఒక్కో అంకె పెరగాలి. నాలుగు చిప్పులు పుస్తకంలో ఉన్నట్టే బిగించాడు. కానీ ఆరు తర్వాత ఒకసారి తొమ్మిది, మరోసారి సున్నా! మీటరు పెడితే 5 వోల్టులూ నిక్షేపంగా ఉన్నాయి. ప్రాజెక్టు చూపించడానికి రెండ్రోజులే గడువు.

''తప్పు నాదేనక్కా. ఈ చదువు నాకు రాదు. నాన్నతో నువ్వే చెప్పు'' అన్నాడు. ఫీజు కోసం నాన్న చేసిన అప్పు ఇద్దరికీ తెలుసు.

గుడివాడలో టీవీలు బాగుచేసే మావయ్య దగ్గరికి తీసుకెళ్లాను. బోర్డు చూసి నవ్వాడు.

''అల్లుడూ, మీది దివిసీమే కదా! బెజవాడ బ్యారేజీలో నీళ్లుంటే, మీ కాలువ చివరికి అడిగిన వెంటనే వస్తాయా?''

''రావు మావయ్యా. వచ్చేదాకా ఊరి చెరువే దిక్కు.''

''మరి ఈ చిప్పు పక్కన చెరువేదిరా?''

సంగతేమిటంటే, చిప్పులోని గేట్లు సున్నా నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నాకి మారేటప్పుడు ఒక్కసారిగా గుక్కెడు కరెంటు అడుగుతాయి. ఆ మార్పుకి పట్టేది సెకనులో పది కోట్లవంతు, అంతకన్నా తక్కువే. అంత వేగంగా తీగలో కరెంటు పెరగలేదు. తీగకుండే ఇండక్టెన్స్ అడ్డుపడుతుంది. ఆ క్షణంలో చిప్పు దగ్గర వోల్టేజీ కుంగి, లెక్క తప్పుతుంది. మామూలు మీటరుకి అంత చిన్న కుంగుబాటు కనిపించదు. పక్కనే కెపాసిటర్ ఉంటే, దాచుకున్న విద్యుత్తును అప్పటికప్పుడు ఇచ్చి, తర్వాత తీరిగ్గా నింపుకుంటుంది. దీన్నే డీకప్లింగ్ కెపాసిటర్ అంటారు.

మావయ్య డబ్బాలోంచి '104' అని రాసున్న సిరామిక్ బిళ్ళలు నాలుగు తీశాడు. శనగబద్దంత ఉన్నాయి. ఆ అంకెకి అర్థం 0.1 మైక్రోఫారడ్. ఒక్కో చిప్పు పవరు కాలికీ, గ్రౌండు కాలికీ మధ్య ఒక్కోటి అతికాడు, తీగలు పొట్టిగా కత్తిరించి. ''ఇవి పొడుగ్గా ఉంటే చెరువుని ఊరికి దూరంగా తవ్వినట్టే!''

తమ్ముడు మీట నొక్కుతూ కూర్చున్నాడు. 99 దాకా ఒక్కటీ తప్పలేదు.

ఇప్పుడు బందరు వెళ్లినప్పుడల్లా అక్కడి వాతావరణ రాడార్ గుర్తొస్తుంది. 1977 ఉప్పెన చూసిన దివిసీమకి తుపాను కబురు ముందే అందాలంటే అందులోని డిజిటల్ బోర్డులు లెక్క తప్పకూడదు. వాటిమీదా ఇలాంటి బుల్లి చెరువులే కాపలా.

నాన్నకి ఆ మాట చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు. మావాడికి లేనిది తెలివి కాదు... సమయానికి పక్కన ఓ మావయ్య!