టిక్కెట్టు మనది... ఆట ఎవరిది?

సంక్రాంతి వెళ్ళిన వారం. పొద్దున్నే మా మనవడు మొహం వేలాడేసుకుని వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు. కాఫీ కూడా అడగలేదు.

"ఏరా, ఏమయింది?" అన్నాను.

"కోట పోయింది తాతయ్యా!" అన్నాడు.

నాకేమీ బోధపడలేదు. మా అమరావతిలో కోట అంటే పక్కనున్న ధరణికోటే. అది మట్టిలో కలిసి ఎన్ని వందల ఏళ్ళయిందో! మళ్ళీ ఇవాళ కొత్తగా పోవడమేమిటి?

తీరా విచారిస్తే అది వాడి కంప్యూటర్లో కోట. కోట కట్టుకోవాలి, చుట్టూ కందకం తవ్వాలి, స్నేహితులంతా కలిసి శత్రువుల్ని తరమాలి. అదీ ఆట. 2022 వేసవిలో వాడు ఇంటర్ పరీక్షలు రాసి, గుంటూరు రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీల లెక్క రాసే పనికి వెళ్ళాడు. ఆ ఘాటుకి తుమ్మీ దగ్గీ కళ్ళు వాచాయి కుర్రాడికి. తొలి జీతంలోంచి రెండువేల నాలుగొందలు పెట్టి ఆ ఆట కొన్నాడు. మూడు వేసవులు కూర్చుని కోట కట్టాడు. బురుజులకి కృష్ణ ఒడ్డున ఉన్న మా వీధి కుర్రాళ్ళ పేర్లు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు బెంగుళూరులో, ఇంకొకడు దుబాయిలో. రాత్రి తొమ్మిదయితే అందరూ ఆ కోటలోనే కలుసుకునేవారు. ఇప్పుడు తెర మీద నాలుగే నాలుగు ముక్కలు... సేవ నిలిపివేశాం, లైసెన్సు ముగిసింది.

"ఆటేగా, పోతే పోయిందిలేరా" అనేశాను.

వాడు నా మొహంలోకి చూసి, "సినిమాని కూడా మీరు ఆటే అంటారుగా తాతయ్యా. మొదటాట, రెండో ఆట... డబ్బులు కట్టినవాణ్ణి ఇంటర్వెల్లో బయటికి గెంటేస్తే ఊరుకుంటారా?" అన్నాడు.

నా నోరు పడిపోయింది. ఎందుకంటే ఆ ఆటలే నాకు ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టాయి. ఇంకో కారణం కూడా ఉంది. అది కాస్త ఆగి చెబుతాను.

నేను 1983లో విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేరాను. రీళ్ళ పెట్టె బస్సు మీద వేసుకుని సత్తెనపల్లి, క్రోసూరు, అద్దంకి... ఎక్కడ పడితే అక్కడికి పోవడం, గేటు దగ్గర టిక్కెట్లు లెక్క చూసుకోవడం, రాత్రికి డి.సి.ఆర్. రాసి పంపడం. ఇదీ ఉద్యోగం. నేల టిక్కెట్టు వాడి ఈల విని చిత్రం ఎన్ని వారాలు ఆడుతుందో చెప్పేవాణ్ణి. గొప్పకి చెప్పడం లేదు, సగం సార్లు తప్పేది కూడా!

ఆ రోజుల్లో గాంధీనగర్‌లో "ఫలానా ఆయన గుంటూరు కొన్నాడు, ఫలానా ఆయన సీడెడ్ కొన్నాడు" అని మాట్లాడుకునేవారు. కొత్తవాడు వింటే జిల్లాకి జిల్లా రిజిస్ట్రేషన్ అయిపోయిందని హడలిపోవలసిందే. కొన్నది జిల్లానీ కాదు, చిత్రాన్నీ కాదు. ఇన్నేళ్ళ పాటు ఈ జిల్లాలో ఈ చిత్రం ఆడించుకునే హక్కు, అంతే. నెగెటివ్ నిర్మాతదే. పదహారు ఎం.ఎం. వేరే, వీడియో వేరే. గడువు తీరితే ప్రింట్లు వెనక్కి ఇచ్చేయాలి. నేనే ఎన్ని పెట్టెలు తిరిగి పంపించలేదూ! ఎవ్వరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. మొదటి రోజునే కాగితం మీద తారీఖు ఉంది కనుక. ఆ గడువు చూసుకునే రేటు కట్టేవారు.

ఇప్పుడు రీళ్ళ పెట్టెలు లేవు. చిత్రం డిజిటల్‌గా వస్తుంది, దాని వెంట ఒక కీ వస్తుంది. ఏ థియేటర్లో, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా తెరుచుకోవాలో ఆ కీలోనే రాసి ఉంటుంది. బెనిఫిట్ షో నాడు కీ రాక గేటు బయట మీరు చొక్కాలు చించుకున్న సందర్భాలు గుర్తుండే ఉంటాయి. అదీ లైసెన్సే. అయితే ఆ కీకీ గడువుంది, ఆ గడువు థియేటర్ వాడికి తెలుసు.

మరి మావాడి కోటకి గడువేదీ? ఆ రాత్రి మా అమ్మాయిని కూర్చోబెట్టి ఆ ఒప్పందం మొత్తం చదివించాను. బయనామా కాగితం కూడా అంత పొడుగుండదు. సారాంశం ఇది. మేము మీకు ఏమీ అమ్మలేదు, ఆడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చాం. మా ఇష్టం వచ్చినప్పుడు ఆపేస్తాం. తగాదా వస్తే కోర్టుకి కాదు, పరాయి దేశంలో మధ్యవర్తి దగ్గరికి రావాలి. బొత్తాం మీద మాత్రం 'కొనండి' అనే ఉంది! మా పల్లెల్లో కౌలు రైతుకి కూడా ఏ ఉగాది దాకా చేను తనదో తెలుసు. తారీఖు లేని కౌలుని అమ్మకం అని పేరు పెట్టి, రొక్కం ముందే పుచ్చుకోవడం నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో చూడలేదు.

ఇక ఆ ఇంకో కారణం. 2022లో వాడికి పదిహేడేళ్ళు, కార్డు లేదు. ఖాతా తెరిచింది నా పేరున. 'చదివాను, అంగీకరిస్తున్నాను' అన్న గడిలో టిక్కు పెట్టింది నేను. చదవలేదు! ఒక్క ముక్క చదవలేదు. అగ్రిమెంటులో కామా తప్పుందని రేపల్లె ఎగ్జిబిటర్‌తో పోట్లాడినవాణ్ణి నేను. తుళ్ళూరు వైపు ఊళ్ళలో 2015 భూసమీకరణ తర్వాత ముసలమ్మలు కూడా కాగితం చదివించుకోకుండా సంతకం పెట్టడం మానేశారు. నేను మాత్రం కళ్ళజోడైనా వెతుక్కోలేదు.

ఇది మావాడొక్కడి గోడు కాదట. 2014లో వచ్చిన 'ది క్రూ' అనే కార్ల పందెం ఆటకి 2024 మార్చి ఆఖరున యూబీసాఫ్ట్ కంపెనీ సర్వర్లు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళ లైసెన్సులు కూడా తీసేసింది. దాని మీద పుట్టిన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమానికి యూరప్‌లో 2025 జూలై నాటికి పది లక్షల సంతకాలు దాటాయి. కాలిఫోర్నియా రాష్ట్రమయితే ఒక చట్టమే చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ, ఇది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అన్న మాట వాడకూడదు. శాశ్వతంగా దింపుకుని దాచుకోగలిగిన సరుకుకి మాత్రం మినహాయింపు. మాట మారిస్తే కోట తిరిగి రాదు గానీ, నా బోటివాడు కళ్ళజోడు పెట్టుకుంటాడు.

"అవన్నీ అమెరికా కబుర్లు, మనకేముంది?" అంది మా అమ్మాయి. నేనూ అలాగే అనుకున్నాను. గుంటూరులో నాకు తెలిసిన ప్లీడరు గారొకాయన ఉన్నారు, పాత చిత్రాల పిచ్చి. ఆయన దగ్గర కూర్చున్నాక తెలిసింది మనకేముందో.

ఒకటి మన రాష్ట్రం పేరు మీదే ఉన్న కేసు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. బజారులో పెట్టెలో అమ్మే సాఫ్ట్‌వేర్ కంటికి కనపడని మేధస్సేగాని సరుకు కాదు, దాని మీద అమ్మకం పన్ను కుదరదని కంపెనీ వాదన. 2004లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కాదు, అది సరుకేనని తేల్చింది. అది సీడీల కాలం, పన్ను తగాదా. ఇంటర్నెట్ మీద దిగే ఆటకి అది యథాతథంగా అతకదని ప్లీడరు గారే హెచ్చరించారు. అయినా నాకు భలే నచ్చింది. పన్ను దగ్గర సరుకు, మావాడి దగ్గర అనుమతి! ఎవరికి కావలసిన వేషం వాళ్ళు కట్టిస్తున్నారన్నమాట.

రెండోది విత్తనాల కేసు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనాలు వేసి నష్టపోయిన మన రైతులు కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ వినియోగదారుల ఫోరాలకి వెళ్ళారు. కార్పొరేషన్ వారు కాగితం చూపించారు. ఒప్పందంలో మధ్యవర్తి దగ్గరికే వెళ్ళాలని ఉంది కదా, ఫోరానికి పనేమిటని! 2012 జనవరిలో సుప్రీంకోర్టు రైతూ వినియోగదారుడే అంది. కాగితంలో మధ్యవర్తి షరతు ఉన్నంత మాత్రాన ఫోరం తలుపు మూసుకుపోదని చెప్పింది. ఇది విని నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంటర్వెల్ ముందు హీరో ఎంట్రీ వచ్చినట్టనిపించింది!

విత్తనమూ ఆటా ఒకటేనా అంటారేమో. మా పత్తి రైతునడగండి. 2006కి ముందు 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్టు ధరలో పెద్ద భాగం గింజది కాదు, గింజలో ఉన్న కనపడని జన్యువు తాలూకు లైసెన్సు రుసుముది. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్ దాకా వెళ్ళి పోరాడి, ప్యాకెట్టు ధర 750 రూపాయలకి దించింది. కనపడని సరుకుకి డబ్బు కట్టడం మా నల్లరేగడికి కొత్త కాదు సుమండీ.

ఇప్పుడున్నది 2019 చట్టం. కారణం లేకుండా ఒక్కరే ఏకపక్షంగా రద్దు చేసుకునే షరతుని అది 'అన్యాయమైన ఒప్పందం' కింద పెట్టింది. చిక్కేమిటంటే ఆ మాట మీద ఫిర్యాదు జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలి. సేవలో లోపం, అనుచిత వ్యాపారం అంటే జిల్లాలోనే వేయొచ్చు. కంపెనీ ఏ దేశంలో ఉన్నా మనం ఉంటున్న జిల్లాలో వేయొచ్చు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు, కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపయితే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. గెలుస్తామా? ప్లీడరు గారు పెదవి విరిచారు. "ఇలాంటిది వేసి చూస్తేనే తెలుస్తుంది మాస్టారూ" అన్నారు.

ముందు 1915 నంబరుకి ఫోన్ చేశాం. వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మర్యాదగా మాట్లాడి ఫిర్యాదు రాసుకున్నారు, కంపెనీకి పంపారు. పన్నెండు రోజులకి జవాబొచ్చింది. సానుభూతితో ఎనిమిది వందల రూపాయలు ఇస్తారట... నగదు కాదు, వాళ్ళ కొట్లోనే ఇంకేదైనా కొనుక్కోవడానికి! మావాడు నవ్వాడు. కోట పోయాక వాడు నవ్వడం అదే మొదలు.

"వద్దని రాసెయ్ తాతయ్యా" అన్నాడు.

రాసేశాం. నిన్న రాత్రి ఫిర్యాదు తయారుచేశాం. ఖాతా నాది కనుక మొదటి ఫిర్యాదుదారుణ్ణి నేను. కొన్నవాడి అనుమతితో వాడుకునేవాడూ వినియోగదారుడేనట, కాబట్టి రెండోవాడు వాడు. రసీదు జతచేశాం, తెర ఫోటో జతచేశాం. కోట ఫోటో మాత్రం దొరకలేదు. మూడేళ్ళు ఆడి ఒక్క ఫోటో తీసుకోలేదు వెధవ! నా ట్రంకు పెట్టెలోంచి పాత డి.సి.ఆర్. కాగితం ఒకటి తీసి, దాని వెనక పెన్సిలుతో బురుజులన్నీ గుర్తు తెచ్చుకుని గీశాడు. ఏ బురుజు ఎవరిదో పేరు రాశాడు. దుబాయి కుర్రాడు ఫోన్లోంచి "నాది నది వైపురా, అటు కాదు" అని అరుస్తున్నాడు.

పది గంటలకి సంతకం పెట్టమని కాగితాలు నా ముందు పెట్టాడు, నాలుగు పేజీలు. కళ్ళజోడు తెమ్మన్నాను. మొదటి పేజీ సగం చదివేసరికి కరెంటు పోయింది. వాడు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డాడు. నేను చదువుతూనే ఉన్నాను.