మద్రాసులో పుట్టిన మంచుకొండల దొర

స్విట్జర్లాండులో లాటర్‌బ్రున్నెన్ అనే లోయ ఉంది. రెండువైపులా నిట్టనిలువు రాతిగోడలు; వాటిమీదినుంచి దూకే జలపాతాలు. పడమటి గోడ అంచున, సముద్రమట్టానికి 5,300 అడుగుల పైచిలుకు ఎత్తున, పిట్టగూడులా ఒదిగిన ఊరు మ్యూరెన్. వీధుల్లో కార్లు తిరగవు. వాకిట్లో నిలబడి తలెత్తితే చాలు, ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు మూడూ వరసగా దర్శనమిస్తాయి. ఈ ఊళ్ళో ఒక ఆంగ్లేయుడి పేరుతో స్మారకశిల ఉంది. ఆ ఆంగ్లేయుడు పుట్టింది మన మద్రాసులో అంటే ఆశ్చర్యం కలుగక మానదు.

ఆయన పేరు ఆర్నాల్డ్ లన్. తండ్రి హెన్రీ లన్ మెథడిస్టు మిషను వైద్యుడుగా 1887లో మనదేశం వచ్చాడు. మరుసటి ఏడు ఆర్నాల్డ్ పుట్టాడు. ఆ ఏడే తండ్రికి ఇక్కడి వాతావరణం పడక, ఆరోగ్యం చెడి, చంటిబిడ్డతో స్వదేశానికి ఓడ ఎక్కాడు.

అక్కడ హెన్రీ లన్‌కు ఒక సదాలోచన కలిగింది. క్రైస్తవ శాఖల నన్నిటినీ ఒకచోట కూర్చి రాజీ చేద్దామని 1892లో స్విట్జర్లాండులోని గ్రిండెల్‌వాల్డ్‌లో సభలు పెట్టాడు. శాఖలు కలవలేదు గాని, సభలకు జనాన్ని తీసుకుపోవడంలో ప్రయాణ వ్యాపారం పట్టుబడింది! పెద్దింటివాళ్ళు ప్రయాణాల కంపెనీ వెంట వెళ్ళడం నామోషీగా భావించేవారు. ఆయన ఆ గుట్టు గ్రహించి, గొప్ప పాఠశాలల్లో చదివినవారికంటూ ఒక ఆల్ప్స్ క్రీడల క్లబ్బు స్థాపించి, హోటళ్ళకు హోటళ్ళే వాళ్ళకోసం కుదిర్చాడు. కంపెనీ పోయి క్లబ్బు అనేసరికి నామోషీ ఎగిరిపోయింది. మతబోధకుడిలో ఇంత వ్యాపారదక్షత ఉంటుందని ఎవరనుకుంటారు?

అప్పట్లో మ్యూరెన్ వేసవి విడిది మాత్రమే. 1891లోనే రైలు పడినా, చలికాలం రాగానే ఆపేసేవారు. రైలువాళ్ళను ఒప్పించి 1910-11 శీతకాలంలో దాన్ని నడిపించింది హెన్రీ లన్నే. హోటళ్ళు తెరిచారు, జనం వచ్చారు. వచ్చినవాళ్ళు మంచులో ఏం చెయ్యాలి? ఆ ప్రశ్నకు సమాధానం కొడుకు చెప్పాడు.

కాళ్ళకు పొడవాటి కొయ్యబద్దలు కట్టుకుని మంచుమీద జారే ఆట స్కీయింగ్. నార్వేవారి దృష్టిలో స్కీ అంటే దూరప్రయాణమూ, గెంతడమూ. కొండ దిగడం వాళ్ళకు పందెమే కాదు. ఆర్నాల్డ్ మాత్రం దిగడంలోనే పోటీ పెట్టాలన్నాడు. 1911 జనవరిలో మోంటానాలో తొలి పందెం జరిపించాడు. పట్టుమని పదిమంది ముందురోజే కొండెక్కి, గుడిసెలో తల దాచుకుని, తెల్లవారి కిందికి దూసుకొచ్చారు. బహుమతి కప్పుకు పేరిచ్చినవాడు కాందహారు రాబర్ట్స్ ప్రభువు - ఒకప్పుడు మన మద్రాసు సైన్యాధిపతి. గాంధారి పుట్టినూరని మనవాళ్ళు చెప్పుకునే కాందహారు పేరు అలా ఆల్ప్స్ పర్వతాలెక్కింది. 1924లో మ్యూరెన్‌లో ఆర్నాల్డ్ స్థాపించిన క్లబ్బు కూడా కాందహార్ స్కీ క్లబ్బే.

ఇంతకూ ఆయన కాలు సరైన కాలు కాదు. 1909లో వేల్సులో కాడర్ ఇడ్రిస్ కొండ ఎక్కుతూ జారిపడితే ఎముక విరిగింది. కాలు పొట్టిదైపోయింది, పుండు ఏళ్ళతరబడి మానలేదు. ఆ కాలితోనే 1924 మేలో, స్విస్ మిత్రులతో కలిసి, 13,000 అడుగుల ఐగర్‌మీదికి స్కీలతో మొదటి ఆరోహణ చేశాడు!

1922 జనవరి 21న మ్యూరెన్ వాలుమీద జెండాలు జంటజంటలుగా పాతించాడు. ఆ జంటల మధ్యనుంచి మెలికలు తిరుగుతూ దిగాలి. అందరికన్నా తక్కువ కాలంలో దిగినవాడిదే గెలుపు. అంతకుముందు మలుపుల అందం చూసి మార్కులు వేసేవారు. వయ్యారంగా మెల్లగా తిరిగినవాడికన్నా, వికారంగానైనా వేగంగా తిరిగినవాడే మేలని ఆర్నాల్డ్ వాదం. నేటి స్లాలం పోటీ అక్కడ పుట్టిందే. నార్వేవారు పెదవి విరిచారు. ఆయన ఊరుకునే రకమా? 1920 నుంచి తానే సంపాదకత్వం వహించిన స్కీ వార్షిక సంచికలో ఏళ్ళతరబడి కలంతో పోరాడాడు. 1930లో అంతర్జాతీయ సమాఖ్య తలవంచింది. 1931లో మొదటి ప్రపంచ పోటీలు మ్యూరెన్‌లోనే జరిగాయి. స్త్రీలకూ పోటీలు పెట్టారు. రెండింటిలోనూ ఎస్మే మెకిన్నన్ అనే యువతి నెగ్గింది. 1936 ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దక్కినప్పుడు స్లాలంకు రిఫరీ ఆర్నాల్డే. అవి హిట్లరు ఏలుబడిలో జరిగిన ఆటలు. బ్రిటిష్ జట్టు నాయకుడైన ఆయన కొడుకు పీటర్ పోటీ చేశాడు గాని, ప్రారంభోత్సవ కవాతులో నడవనన్నాడు.

హోటళ్ళు నిండితేనే లన్ కుటుంబానికి జరుగుబాటు. అయినా ఒకసారి ఆర్నాల్డ్ ఆ లెక్క చూసుకోలేదు. ఆస్ట్రియాలోని సాంక్ట్ ఆంటన్‌లో, స్కీ గురువు హన్నెస్ ష్నైడర్‌తో కలిసి 1928లో ఆర్ల్‌బెర్గ్-కాందహార్ పందెం ప్రారంభించాడు. 1938 మార్చిలో, సరిగ్గా పందెం వేళకు, నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి ష్నైడర్‌ను జైల్లో పెట్టారు. గురువు జైల్లో ఉంటే ఆయన ఊళ్ళో పందెమా అని ఆర్నాల్డ్ దాన్ని రద్దుచేశాడు. ష్నైడర్ మరుసటి ఏడు అమెరికా చేరుకున్నాడు.

1952లో ఆర్నాల్డ్‌కు సర్ బిరుదు వచ్చింది. 1974లో కన్నుమూశాడు. చివరి ఏళ్ళలో ఆయనకు ఒక బెంగ ఉండేది: యంత్రాలతో కొండెక్కి, చదునుచేసిన బాటలమీద జారే గుంపులకు అసలు మంచు తెలియకుండా పోతోందని. ఆ గుంపులను రప్పించినవారిలో తానూ ఒకడే మరి!

మ్యూరెన్‌లో ప్రతి జనవరిలోనూ ఇన్‌ఫెర్నో అనే పందెం జరుగుతుంది. ఇప్పుడు పద్దెనిమిది వందలమందికి పైగా పాల్గొంటారు. అందరినీ తీగబండ్లు పైకి చేరుస్తాయి. 1928లో, మొదటిసారి, పోటీచేసినవారు పదిహేడుమంది. షిల్ట్‌హార్న్ శిఖరం ఎత్తు 9,700 అడుగులు దాటుతుంది. అంత ఎత్తూ వాళ్ళు నడిచే ఎక్కారు.