సికిందరాబాదు నుండి చార్మినారు వరకు

ప్రయాణమున గొప్ప ఆపద వచ్చినప్పుడు మనుష్యులు ధైర్యము తెచ్చుకొందురు. పదిమంది చేరి చేయి యందింతురు, పత్రికలు వ్రాయును, ప్రభుత్వమువారు విచారింతురు. కాలిలో దిగిన పల్లేరుముల్లు వంటి చిన్న చిక్కు వచ్చినప్పుడో, ఎవరితోను చెప్పుకొనుటకు లేదు. చెప్పినచో, "ఇంతమాత్రమునకేనా!" యని నవ్వుదురు. నేటి పట్టణమున మన స్త్రీల ప్రాణమును విసిగించునవి పులులు కావు, ఈ పల్లేరుముండ్లే.

ఇవి దారి పొడవునను లేవు. ఒక బండి దిగి మరియొక బండి నెక్కు తావులందే, అనగా ప్రయాణపు అతుకులయందే, దాగియున్నవి. ఈ మాట నిజమగునో కాదో తెలిసికొనగోరు సోదరీమణులు నాతో గూడ సికిందరాబాదు నుండి చార్మినారు వరకు ఒకమారు రావలయును. దూరము సుమారు పది కిలోమీటర్లు మాత్రమే.

సికిందరాబాదు మూడవ నిజామగు సికందర్ జాహ్ పేరిట 1806లో వెలసిన దండు పట్టణము. 1874లో వాడి నుండి ఇచ్చటికి రైలు వచ్చినది. ఆనాటి నుండి మన పల్లెలవారికి నగరమనగా మొట్టమొదట కనబడునది ఈ స్టేషనే. దీనిని సరిక్రొత్తగా కట్టుటకై 2023 ఏప్రిలు 8వ తేదీన శంకుస్థాపన జరిగినది. 2025 ఆరంభమున పాత ముఖభవనమును కూల్చిరి. పనులు సాగిన కాలమున నిన్నటి ద్వారము నేడు ఉండెడిది కాదు. తెలిసినవారే తికమకపడిరనగా, చంకలో బిడ్డయు చేతిలో సంచియు గల క్రొత్తవారి మాట చెప్పనేల?

ఆ యేడు జనవరి 6వ తేదీన నగరపు తూర్పు కొసను చర్లపల్లి స్టేషను తెరువబడినది. కొన్ని రైళ్లు అచ్చటికి మార్చబడినవి. స్టేషను అందమైనదే, విశాలమైనదే. కాని మెట్రో బండి అచ్చటికి పోదు. టిక్కెట్టుమీది పేరును చక్కగా చదువక, అలవాటుచొప్పున అల్లుని సికిందరాబాదునకు రమ్మని చెప్పిన అత్తగారు చర్లపల్లిలో దిగి ఫోను చేయుటయు, అల్లుడు ఇక్కడ ప్లాటుఫారములన్నియు వెదకుటయు ఎన్ని యిండ్లలో ముచ్చటగా చెప్పుకొనలేదు! దిగిన గంటకు నవ్వు వచ్చును గాని, దిగిన నిమిషమున రాదు.

స్టేషను వెలుపలికి వచ్చితిమి. మొదటి అతుకు ఇచ్చటనే యున్నది. ఆటోకు మీటరు కలదు. దానిని త్రిప్పు అలవాటు మాత్రము లేదు. "ఎంత యిత్తురమ్మా?" యని అతడు అడుగును. ఎంత యీయవలెనో మనకు తెలియదని అతనికి తెలియును. ఈ బేరము తప్పించుటకే ఫోనులో బండిని పిలుచు పద్ధతి వచ్చినది. బండి మూడు నిమిషములలో వచ్చునని ఫోను చెప్పును. అంతలో ఆటో నడుపునతడు పలికి, "ఎక్కడికి? డబ్బు చేతికిత్తురా, ఫోనులో వేయుదురా?" యని యడిగి, మన జవాబు రుచింపనిచో మాయమగును. మరల మూడు నిమిషములు. తుదకు బండి వచ్చినను, ఓటీపీ సంఖ్య చెప్పనిదే కదలదు. ఆ సంఖ్యను వెదకుటకు సంచి క్రింద పెట్టవలెను. బేరము పోయి నిరీక్షణము వచ్చినది, అంతే భేదము.

కావున మనము నడచి సికిందరాబాదు వెస్టు అను మెట్రో స్టేషనునకు పోవుదము. అది దూరము కాదు. కాని ఆ కొలది దూరమున కాలిబాట నొకచోట పండ్ల బండి, ఒకచోట మోటారు సైకిళ్లు, ఒకచోట త్రవ్వి పూడ్చని గుంట ఆక్రమించియుండును. పండ్లమ్ముకొను ఆమెయు మనవంటి గృహిణియే, ఆమెను నిందింపలేము. నడచువారికి రోడ్డుమీదికి దిగుట తప్ప గతిలేదు. చక్రముల పెట్టె చదునైన నేలకొఱకు పుట్టినది గాని ఈ రాళ్లకొఱకు పుట్టలేదు.

మెట్రో లోపలికి పోయినంతనే లోకము మారును. చల్లదనము, శుభ్రము, వేళ తప్పని బండి. హైదరాబాదున మెట్రో 2017 నవంబరులో మియాపూరు నుండి నాగోలు వరకు మొదలైనది. మనము పోవు దారి 2020 ఫిబ్రవరి 7వ తేదీన ప్రారంభింపబడినది. అది జూబ్లీ బస్సు స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్సు స్టేషను వరకు పదకొండు కిలోమీటర్లు, తొమ్మిది స్టేషనులు. మొదటి పెట్టెలో స్త్రీలకు ప్రత్యేక భాగము కలదు. ఇచ్చటి చిక్కులు చాల చిన్నవి. ద్వారముకడ ఫోనును చూపబోవువేళకు తెర ఆరిపోవును. వెనుకనున్నవారు నాలుక చప్పరింతురు. బండి తలుపు తెరువగానే దిగువారికి చోటీయక ఎక్కువారు త్రోసికొని వత్తురు. ప్రక్కనున్న పడుచువాడు చెవి గొట్టములు లేకయే ఫోనులో హాస్యము వినుచు, పెట్టెయంతటికిని వినిపించును. ఇవి పౌరశిక్షణము లేమివలన గలిగినవి. మన పిల్లలకు మనమే నేర్పవలసినవి.

బండి గాలిలో తేలినట్లు పోవుచుండగా నగరము క్రింద పరచిన చాపవలె కనబడును. మొదట గాంధీ ఆసుపత్రి; పూర్వము రైలు స్టేషనునకు ఎదురుగా నుండి, 2003లో ముషీరాబాదు పాత జైలు స్థలమునకు మారినది. తరువాత సినిమాశాలల ఆర్టీసీ చౌరస్తా, గ్రంథాలయమునకు పేరుపడిన చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజారు. సుల్తాన్ బజారునకు దగ్గఱనే పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనము కలదు. 1924లో స్థాపింపబడిన ఆడపిల్లల కళాశాల 1949లో ఆ యావరణములోనికి వచ్చినది. నేడది వీరనారి చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమై యున్నది. దొరలు విందులు చేసికొన్నచోట మన బాలికలు చదువుకొనుచున్నారన్న తలంపు ఎంత చల్లగానున్నది!

పావుగంట లోపలనే మహాత్మాగాంధీ బస్సు స్టేషను వచ్చినది. ఇది మూసీనది నడుమ లంకపై 1994లో కట్టబడినది. ఆ తావును జనులు ఇమ్లీబన్ అందురు, చింతతోపని యర్థము. నది లంకను మఱచిపోలేదు. 2025 సెప్టెంబరు చివర మూసీ పొంగి బస్సు స్టేషనులోనికే వచ్చినది.

మెట్రో బండి ఇచ్చట ఆగిపోవును. చార్మినారు ఇంకను రెండు కిలోమీటర్లకు పైన నున్నది. మొదటి ఏర్పాటు ప్రకారము ఈ దారి పాతనగరము గుండ ఫలక్‌నుమా వరకు పోవలసినది. ఆ భాగమునకు 2024 మార్చి 8వ తేదీన, సరిగా మహిళా దినోత్సవమునాడే, శంకుస్థాపన జరిగినది. అది పూర్తియగు దాక పెద్ద దూరము పావుగంట, చిన్న దూరము అరగంట. ఇదియే రెండవ అతుకు, అన్నిటికంటె గట్టిది.

బస్సెక్కుదమన్నచో, తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీ నుండి స్త్రీలకు నగర బస్సులలో ఛార్జీ లేదు. ఇది సామాన్యమైన మేలు కాదు. భర్తనో కొడుకునో డబ్బు అడుగనక్కఱలేక గడప దాటగల స్వేచ్ఛ ఎందఱికో దీనివలన లభించినది. ఐనను ఇందులోను ముల్లున్నది. ఇచ్చటి నివాసినియని చూపు గుర్తింపు పత్రము కావలెను. చూపినచో సున్న రూపాయల టిక్కెట్టు నిత్తురు. ఒక తల్లి కన్న యిద్దఱు కుమార్తెలను తలపోయుడు. ఒకతెను మహబూబునగరున నిచ్చిరి, ఒకతెను కర్నూలున నిచ్చిరి. ఇద్దఱు నొకే ఆసనముమీద కూర్చున్నారు. పెద్దామెకు సున్న టిక్కెట్టు, చిన్నామెకు డబ్బు టిక్కెట్టు! ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీ నుండి అట్టి సౌకర్యమే వచ్చినది గనుక, పెద్దామె చెల్లెలింటికి పోయినప్పుడు ఈ లెక్క తలక్రిందగును. అక్కచెల్లెండ్రు నవ్వుకొందురు. కండక్టరుతో వాదించి లాభము లేదు. ఆయన వ్రాసిన నియమము కాదది. మరి బస్సు నిలుచుచోట నిలువక ఇరువది అడుగులు ముందునకు పోయి ఆగుటయు, జనులు దానివెంట పరుగిడుటయు మాత్రము ఏ నియమములోను లేవు.

నడచిపోయినచో చరిత్ర మన చేయి పట్టుకొని నడపించును. ఆవలిగట్టునకు పోకమునుపు అఫ్జల్‌గంజిలో ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున ఒక చింతచెట్టును చూడుడు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలకొలది జనులను పొట్టను బెట్టుకొన్ననాడు, ఆ చెట్టు కొమ్మలెక్కి నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడినది. 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును వెలసినవి. మహావిపత్తునకు మహామేధావి వచ్చెను. చిన్న చిక్కునకు ఎవరు వత్తురు? కాలిబాటపై గుంటకొఱకు ఏ మండలియు కూర్చుండదు. లెక్కలోనికి రానిదగుటచేతనే అది తరతరములు నిలిచియుండును.

నయాపులు దాటి, మదీనా కూడలి మీదుగా, రాతి కమానుల పత్తర్‌గట్టి ప్రక్కను సాగి, చార్‌కమానుల నడుమ గుల్జారు హౌజు నీటితొట్టిని చుట్టి వచ్చినచో, 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినారు ఎదుట నిలుచును. ఎన్ని పటములలో చూచినను, ఎదుట నిలిచి తలయెత్తి చూచిననాటి యానందము వేఱు. దారిలో సాలార్‌జంగు మ్యూజియమును చూడదలచినవారు శుక్రవారము రారాదు, ఆనాడు మూసియుండును. ఇట్టి చిన్న సంగతి తెలియకయే ఎందఱో పిల్లలతో వచ్చి, తాళమును చూచి పోవుచుందురు.

ఇంతదూరము చిక్కులను ఏకరువు పెట్టుట ఎందులకని అడుగవచ్చును. అందులకు కారణము కలదు. చార్మినారు క్రింద నీడలో ఒక పెద్దమ్మగారు మోకాళ్లు నిమురుకొనుచు కూర్చుండి, మనుమరాలితో, "చాలునమ్మా, ఇక నేను రాను, మీరు పోయి రండి" అనుట నేను వింటిని. ఆమెకు చార్మినారు నచ్చకపోలేదు. రైలులో కష్టము లేదు, మెట్రోలో కష్టము లేదు. నడుమనున్న మెట్లు, గుంటలు, నిలువుకాళ్ల నిరీక్షణము ఆమెచేత ఆ మాట పలికించినవి. పురుషుడు విసుగుకొని మఱునాడు మరల బయలుదేరును. అతని పని యటువంటిది. స్త్రీ విసుగుకొని యింట నిలిచిపోవును. ముదుసలి తీర్థము మానును, కోడలు పుట్టింటికి పోవుట తగ్గించును, బాలిక దూరపు కళాశాల వలదనును. వీరిని ఎవరును ఆపలేదు. తలుపులన్నియు తెరచియే యున్నవి. తెరచిన తలుపునకును రోడ్డునకును నడుమ పల్లేరుముండ్లు చల్లియున్నవి, అంతే. కావుననే వీనిని చిన్నవని త్రోసివేయరాదు.

చార్మినారు ప్రక్కనే లాడ్ బజారు. ఇచ్చటి లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. బేరము తప్పదు, చిల్లర దొరకదు. ఐనను గాజులు కొనక ఏ స్త్రీ వెనుదిరుగును? కొనుటకు ముందు గాజు చేయు విధము చూడుడు. బొగ్గుల నిప్పుమీద లక్కను మెత్తబరచి, సన్నని కడ్డీగా దొర్లించి, వలయముగా వంచుదురు. పిమ్మట రెండు కొసలను మరల కాచి కలిపి, అతుకు కనబడకుండ నునుపు చేయుదురు. రాళ్లు పొదుగుట ఆ తరువాతి మాట. అతుకు గఱుకైనచో ఎన్ని రాళ్లు తాపించినను అది చేతిని గీరును. అట్టి గాజును ఎవరును కొనరు.

నగరము కట్టువారు ఈ పనివారి యొద్ద ఒక దినము కూర్చున్నచో మేలు. బండ్లు చాలినన్ని వచ్చినవి, మెరుగులు చాలినన్ని అద్దిరి. అతుకులు నునుపు చేయవలసియున్నది. స్టేషను నుండి స్టేషనునకు నీడగల చదునైన బాట, కూర్చుండుటకు బల్ల, బస్సు నిలుచుచోటనే నిలుచుట, ఎవరికైనను చదువవచ్చు తెలుగు పలక: ఇవి కోట్లు కోరు కోరికలు కావు. మన సోదరీమణులును, "ఇంతమాత్రమునకేనా" యను నవ్వునకు వెఱచి ఊరకుండక, తమ వీధిలోని గుంటను గూర్చి, తమ స్టేషనులోని చెడిన లిఫ్టును గూర్చి నలుగురు కలిసి అధికారులకు వ్రాయుదురుగాక. ముల్లు చిన్నదే. తీసివేయుటకు పట్టు కాలమును చిన్నదే. తీయువారు మాత్రము కావలెను.