ఫ్రాంక్‌ఫర్ట్‌... తెల్లవార్లూ రికార్డు తిరగాల్సిందే!

పగలంతా బ్యాంకులు, కోట్లు తొడుక్కున్న ఉద్యోగులు. చీకటి పడితే తెల్లవార్లూ చిందులు! జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌ నగరానికి ఈ రెండో ముఖం తెచ్చినవాళ్లలో ఓ వింత డీజే ఉన్నాడు.

అమెరికా వెళ్తూ విమానం మారడానికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగే తెలుగువాళ్లు ఎందరో. ఆ విమానాశ్రయం ఒకటో టెర్మినల్‌లోనే ఒకప్పుడు పెద్ద డిస్కో ఉండేదంటే నమ్మగలరా? పేరు డోరియన్‌ గ్రే. 1978 నుంచి 2000 దాకా నడిచింది. ఓవైపు పెట్టెలతో ప్రయాణికులు, మరోవైపు డాన్సుకొచ్చే కుర్రకారు! 1980ల్లో అక్కడ రికార్డులు తిప్పిన వాళ్లలో ఒకడు స్వెన్‌ ఫేట్‌.

1964లో ఫ్రాంక్‌ఫర్ట్‌ దగ్గర్లోని ఓబర్ట్స్‌హౌజన్‌లో పుట్టాడు. అమ్మానాన్నల పబ్బులోనే డీజేగా ఓనమాలు దిద్దుకున్నాడు. 1988లో సహచరులతో కలిసి నగరం నడిబొడ్డున, యుంగ్‌హాఫ్‌ వీధిలో ‘ఓమెన్‌’ క్లబ్బు తెరిచాడు. టెక్నో సంగీతానికి అదో గుడి అయిపోయింది. విచిత్ర వేషాలు, పదేసి గంటలు ఆపకుండా రికార్డులు తిప్పడం... అన్నీ అతనికే చెల్లు. ప్రపంచమంతా కంప్యూటర్లకు మారిపోయినా అతను మాత్రం నల్లటి వినైల్‌ రికార్డుల పెట్టె వదల్లేదు.

అయితే క్లబ్బులో పాట తెల్లారితే గాల్లో కలిసిపోతుంది. అది నిలవాలంటే రికార్డుగా రావాలి. కొత్త కుర్రాళ్ల యంత్ర సంగీతం కోసం 1990ల మొదట్లో ఫేట్‌, మిత్రులు కలిసి ‘ఐక్యూ’, ‘హార్ట్‌హౌస్‌’ లేబుళ్లు పెట్టారు. తర్వాత వాటి నుంచి బయటికొచ్చిన ఫేట్‌ 2000లో సొంతంగా ‘కొకూన్‌ రికార్డింగ్స్‌’ ప్రారంభించాడు. కొకూన్‌ అంటే పట్టుగూడు. ఎ, బి, సి... అంటూ అక్షరమాల వరసలో దాని సంకలనాలు వచ్చాయి. 2004లో రోమన్‌ ఫ్లూగెల్‌ చేసిన ‘గేట్స్‌ నొఖ్‌?’ ఈ గూటిదే. మన భాషలో చెప్పాలంటే ‘మతి ఉందా?’ అని!

గూళ్లు మాత్రం నిలవలేదు. 1998 అక్టోబరులో ఓమెన్‌ మూతపడింది. ఆఖరి వేడుకకు జనం లోపల పట్టక వీధిలోనే నాట్యమాడారు. 2004లో ఊరి తూర్పున ఫేట్‌ కట్టించిన కొకూన్‌ క్లబ్‌ మరీ విడ్డూరం. గోడలనిండా చిల్లులు, లోపల కూర్చునేందుకు పట్టుగూళ్లలాంటి అరలు. హోటల్లో పడకల మీద ఒరిగి భోంచేయొచ్చు. అంత హంగూ అప్పుల పాలై 2012లో తలుపులు మూసుకుంది. ఆ రికార్డులు మాత్రం ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉన్నాయి.

ఒకప్పుడు ఆ రాత్రుల గోలకు విసుక్కున్న నగరమే తర్వాత దాన్ని తన చరిత్రగా ఒప్పుకుంది. 2022 ఏప్రిల్‌లో హౌప్ట్‌వాఖె కూడలిలో ఎలక్ట్రానిక్‌ సంగీతానికి ఏకంగా మ్యూజియం తెరిచారు. తొలి ప్రదర్శన ఫేట్‌ మీదే!

విమానం మారడానికి చాలా గంటల వ్యవధి ఉండి, చేతిలో షెంగెన్‌ వీసా ఉంటే హౌప్ట్‌వాఖెకు లోకల్‌ రైలెక్కండి. పావుగంట ప్రయాణం. అక్కణ్నుంచి యుంగ్‌హాఫ్‌ వీధికి నడిచే వెళ్లొచ్చు. ఓమెన్‌ ఉన్న పాత భవనం లేదు. చుట్టూ గాజు మేడలు, ఆఫీసులే. ఓ ఊరి కుర్రకారు పదేళ్లపాటు ఇక్కడే తెల్లవార్లూ ఆడారంటే ఆశ్చర్యం వేయకమానదు.