రాత్రి ఒంటిగంటన్నర డ్యూటీ

రాత్రి ఒంటిగంటన్నర. కాజీపేట స్టేషన్ వైపు నుంచి గూడ్సుబండి కూత. ఆ వెంటనే ఇంకో కూత... సన్నగా, సాగదీసినట్టు, పైపోర్షన్ వరండాలోంచి.

మొదటిది ఆ వీధిలో అందరికీ అలవాటే. దానికి ఎవరూ నిద్ర లేవరు. రెండోది మొదలై మూడు రాత్రులే అయింది. దానికి మాత్రం కింద ఇంటి ఓనరు గదిలో లైటు వెలిగింది.

''మళ్ల మొదలువెట్టింది'' అంటూ అమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నాన్న అటు తిరిగి పడుకున్నాడు. ఏడో తరగతి చదివే పాప మాత్రం లేచి కూర్చుంది. వెళ్దామంటే భయం. వెళ్లకుండా ఉందామంటే మనసొప్పడం లేదు.

ఆ ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చింది నిజానికి ఆ భయం కోసమే. 2023 మే నెలలో కాజీపేటలో వీధికుక్కల దాడిలో ఓ బాలుడు చనిపోయాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి పాపకు కుక్కంటే హడల్. ట్యూషన్‌కి వెళ్లాలంటే సందు చివరిదాకా ఎవరో ఒకరు తోడు రావాల్సిందే. కుక్కంటే ఏంటో దగ్గర నుంచి తెలిస్తే తప్ప ఈ భయం పోదనుకున్నాడు నాన్న. హన్మకొండలో ఆయన స్నేహితుడింట్లో నాటుకుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. ఎనిమిది వారాలు నిండిన గోధుమరంగు పిల్లనొకదాన్ని ఆదివారం పొద్దున తెచ్చాడు. ఒకప్పుడు తన లాబ్రడార్ కోసం చేయించిన ఇనుప బోను, తల్లికుక్క పడుకునే పాత దుప్పటి ముక్క కూడా ఇచ్చి పంపాడు ఆ స్నేహితుడు.

పాప దానికి 'లడ్డు' అని పేరు పెట్టింది. పగలంతా సంబరమే. చీకటి పడ్డాకే అసలు కథ!

దెబ్బ ఏం నేర్పింది?

మంగళవారం రాత్రి ఏడుపు ఎంతకీ ఆగకపోయేసరికి నాన్నే లేచి వరండా తలుపు తీశాడు. బోనులోంచి తీసి హాల్లో వదిలేస్తే పోలా అనుకున్నాడు. నిజంగానే ఏడుపు ఆగింది. నాలుగింటికి మంచినీళ్ల కోసం లేచిన ఆయన కాలు చీకట్లో తడిలో పడింది. లైటు వేస్తే సోఫా పక్కన చిన్న మడుగు. దాని పక్కనే తోకాడిస్తూ లడ్డు!

చేతికందిన పేపరు చుట్టి రెండు తగిలించాడు. మెడ పట్టి ముక్కును ఆ తడికి రాశాడు. ''మళ్ల పోస్తవా? పోస్తవా?'' అన్నాడు. అది భయంతో అక్కడే ఇంకోసారి పోసింది.

తెల్లవారగానే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. ''ఏమ్మా, మూడు రోజుల సంది ఒక్కటే ఏడుపు. మా సారుకు బీపీ. నిద్ర లేకుంటే ఎట్ల? ఆదివారం దాకా సూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే దాన్నన్న పంపియ్యిన్రి, లేకుంటే ఇల్లన్న సూస్కోన్రి.''

పంపడమంటే ఎక్కడికి? స్నేహితుడు వెనక్కి తీసుకోనన్నాడు. పట్టాలు దాటించి వదిలేస్తే సరి అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అలా వదిలేసిన పిల్లలు బతికితే వీధికుక్కల గుంపులోనే కదా కలిసేది! ఏ భయం పోవాలని తెచ్చారో, దాన్నే తీసుకెళ్లి వీధిలో పెట్టినట్టవుతుంది. అమ్మకు ఆ మాట నచ్చలేదు. అలాగని ఇల్లు మారడమూ అయ్యే పని కాదు.

చిత్రంగా బుధ, గురువారాలు హాల్లో ఒక్క చుక్క కనిపించలేదు. ''సూసిన్రా? రెండు వడ్డయి, దారికొచ్చింది'' అన్నాడు నాన్న.

మర్నాడు శ్రావణ శుక్రవారం. పూజకు ఇల్లు కడుగుతూ అమ్మ దివాన్‌కాట్ ముందుకు జరిపింది. వెనక గోడ వారన ఎండిపోయిన మరకలు. ఒకటి కాదు, నాలుగు. లడ్డు మంచం కింది నుంచి బయటికి రాకుండా, చెవులు వెనక్కి వాల్చి నాన్న వైపే చూస్తోంది.

తాత చాలాసేపు ఆ మరకల్ని చూశాడు. ''అది ఇంట్ల పోసుడు తప్పని నేర్వలేదురా. నీ ముందర పోసుడు తప్పని నేర్చింది'' అన్నాడు.

సరమ అడిగిన ప్రశ్న

తాత కాజీపేటలో రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సాయంత్రాలు వచన భారతం చదువుకోవడం ఆయనకు అలవాటు. ఆ రోజు పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఓ కథ చెప్పాడు. వింటున్నది పాపే అయినా కథ ఎవరికో ఇంట్లో అందరికీ తెలుసు.

జనమేజయ మహారాజు యాగం చేస్తున్నాడు. ఆడుకుంటూ ఓ కుక్కపిల్ల అటు వచ్చింది. పేరు సారమేయుడు. రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టి తరిమారు. అది ఏడుస్తూ వెళ్లి తల్లితో చెప్పింది. ఆ తల్లి, దేవతల కుక్క సరమ, తిన్నగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. నా బిడ్డ ఏ తప్పూ చేయలేదు, మరి ఎందుకు కొట్టారని! అమాయకుల్ని అన్యాయంగా బాధపెడితే ఎక్కడి నుంచో తెలియని భయం వచ్చి పడుతుందని చెప్పి వెళ్లిపోయింది. అంత పెద్ద సభలో ఎవరి దగ్గరా దానికి జవాబు లేదు. వెయ్యేళ్ల కిందట నన్నయ తెలుగులో మొదలుపెట్టిన భారతంలో, ఆదిపర్వం తొలి కథల్లో ఇదొకటి.

''మరి మన లడ్డు తప్పు చేసింది కదా తాతా?'' అంది పాప.

''ఏం తప్పు బిడ్డా? మా చిన్నప్పుడు కుక్క వాకిట్ల ఉండేది. గడప దాటి లోపలికి రాకపోయేది. దానికెవ్వరు ఏం నేర్పలే, నేర్పే అవసరం రాలే. ఇప్పుడు మనం దాన్ని మేడ మీదికి తెచ్చినం. మెట్లు దిగరాదు, తలుపు తీయరాదు. అదేం చెయ్యాలె?''

నాన్న పేపరు చదువుతున్నట్టే ఉన్నాడు. పేజీ మాత్రం తిప్పలేదు.

డాక్టరు లెక్క

ఆ సాయంత్రం టీకా కోసం తాత, పాప కలిసి లడ్డును పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన సూది వేస్తూనే విషయమంతా విన్నాడు. అందులో మొండితనం లేదు, రోగం లేదు. ఉన్నదంతా చిన్న లెక్కేనన్నాడు.

కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపితే వచ్చేన్ని గంటలు అది ఉజ్జాయింపుగా ఆపుకోగలదు. అంటే రెండు నెలల లడ్డుకు మహా అయితే మూడు గంటలు. రాత్రి పదింటికి పడుకోబెట్టి పొద్దున ఆరింటి దాకా ఆగమంటే దాని చేతిలో ఏముంది?

ఇక బోను సంగతి. కుక్క పడుకున్న చోటు పాడుచేసుకోదు. మూడు వారాల వయసులో నడక రాగానే పిల్లలు పడక వదిలి పక్కకెళ్లి పోయడం మొదలుపెడతాయి. విదేశాల్లో బోనుతో అలవాటు చేయించేది ఈ గుణాన్ని నమ్ముకునే. అయితే బోను అది లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునేంతే ఉండాలి. లాబ్రడార్ బోను లడ్డుకు ఓ పెద్ద హాలు! ఓ మూల పడుకుని, ఇంకో మూల పోసుకుంటోంది. మధ్యలో చెక్క అడ్డం పెట్టి, అది పెరిగేకొద్దీ జరుపుతూ పోతే చాలు. అలాగని బోనును జైలు చేయకూడదు. శిక్ష వేయడానికి వాడకూడదు, పగలంతా మూసి ఉంచకూడదు. జంతువుల్ని కొట్టడమూ, కదలడానికి చోటులేని బోనులో పెట్టడమూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలే.

''మరి ఏడుపో?'' అడిగాడు తాత.

మొన్నటిదాకా తల్లి పొట్టకు ఆనుకుని, నలుగురు తోబుట్టువుల మధ్య పడుకున్న పిల్ల అది. ఒక్కసారిగా చీకటి వరండాలో ఒంటరిగా పెడితే ఏడవకేం చేస్తుంది? బోనును మనుషులు పడుకునే మంచం పక్కకు మార్చమన్నాడు డాక్టరు. తల్లి వాసన ఉన్న దుప్పటి ముక్క ఉందా అనడిగాడు. అమ్మ దాన్ని ఉతకడానికి పక్కన పడేసింది. అదృష్టం, ఇంకా ఉతకలేదు!

మిగతా జాగ్రత్తలు పాప నోటుబుక్కులో రాసుకుంది. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడిన వెంటనే కిందికి తీసుకెళ్లాలి. రోజూ ఒకే చోటుకి. పని కానిచ్చిన క్షణంలోనే మెచ్చుకోవాలి, పైకి వచ్చాక మెచ్చుకుంటే దేనికో దానికి తెలియదు. రాత్రి భోజనం పెందలాడే పెట్టాలి, నీళ్లు మాత్రం మాన్పించకూడదు. ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకే వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. ఆ వాసన ఉన్నంతకాలం అక్కడికే వెళ్తుంది. కాబట్టి వెనిగర్ కలిపిన నీళ్లతోనో, పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైమ్ ద్రావణంతోనో శుభ్రం చేయాలి. టీకాలన్నీ పూర్తయ్యేదాకా రోడ్డు మీద దించొద్దు, పార్వో లాంటి జబ్బులు అంటుకుంటాయి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా మర్చిపోవద్దు.

కాల్‌బాయ్ వచ్చాడు

ఆ రాత్రి తాత తెల్లకాగితం మీద డ్యూటీ చార్టు రాసి గోడకు అంటించాడు. పదిన్నరకు అమ్మ. ఒంటిగంటన్నరకు తాను. నాలుగున్నరకు నాన్న. ఆరున్నరకు పాప.

''నువ్వెందుకు నాన్నా అర్ధరాత్రి'' అన్నాడు నాన్న.

''ముప్పయ్యేండ్లు లేచిన. ఇంకో నెల లేస్తే ఏమయితది?''

ఆ రోజుల్లో రాత్రి బండి ఎక్కాల్సిన డ్రైవర్ల ఇళ్లకు కాల్‌బాయ్ వచ్చేవాడు. తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. సంతకం పెట్టాక డ్యూటీకి పోవాల్సిందే. వానైనా చలైనా అంతే. ఇప్పుడు తాత తలుపు కొట్టేది లడ్డు. సంతకం ఒక్కటే తక్కువ!

బోను తాత మంచం పక్కకు వచ్చింది. మధ్యలో చెక్క, కింద తల్లి దుప్పటి. లడ్డు కాస్త గొణిగింది. తాత చెయ్యి కిందికి వేలాడేశాడు. చువ్వల మధ్య నుంచి ఆ వేళ్లను వాసన చూసి, నాకి, పడుకుంది. ఒంటిగంటన్నరకు దాన్ని చేతుల్లో ఎత్తుకుని మెట్లు దిగాడు. గేటు పక్కన వేపచెట్టు దగ్గర దించాడు. పని అయింది. ''శభాష్'' అన్నాడు. మాటలు లేవు, ఆటలు లేవు, లైటు కూడా లేదు. తీసుకొచ్చి పడుకోబెట్టాడు. రాత్రి ఆటకు అలవాటు పడితే, ఆట కోసమే లేపుతుందని డాక్టరు ముందే చెప్పాడు.

చిక్కు నాలుగున్నర దగ్గరొచ్చింది.

నాన్న దించితే లడ్డు పోయదు. చెట్టు కింద వణుకుతూ కూర్చుంటుంది. పావుగంట చూసి పైకి తెచ్చి కింద పెట్టాడో లేదో, దివాన్‌కాట్ కిందికి దూరి అక్కడ పోసింది. ఆయన చెయ్యి పైకి లేచింది. అలాగే ఆగింది. మంచం కింద రెండు కళ్లు మెరుస్తున్నాయి. నాన్న చెయ్యి దించి, గుడ్డ తెచ్చుకుని తనే తుడిచాడు.

శనివారం రాత్రి. తెల్లారితే ఓనరమ్మ గడువు. ముసురు పట్టింది. నాలుగున్నరకు నాన్న ఓ చేత్తో గొడుగు, ఇంకో చేత్తో లడ్డుతో దిగాడు. దాన్ని చెట్టు కింద దించి, తాను వీపు తిప్పి గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. చూడటం లేదని దానికి తెలియాలి కదా! అయిదు నిమిషాలు... పది... ఇరవై. కాలి దగ్గర చెప్పుల్లోకి నీళ్లొస్తున్నాయి. స్టేషన్‌లో ఏదో బండి వచ్చి ఆగింది, మళ్లీ కదిలింది. వెనక ఆకుల మీద చిన్న అడుగుల చప్పుడు. వాసన చూస్తూ ఓ చుట్టు. ఇంకో చుట్టు. నాన్న మెల్లగా తల తిప్పాడు. లడ్డు వంగి కూర్చుని, ఆయన వైపే చూస్తూ... పోసింది.

''మంచిదానివి'' అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. అది అనుమానంగా రెండడుగులు వేసి, ఆగి, తర్వాత వచ్చి ఆయన తడిసిన కాలికి ఆనుకుంది.

ఆదివారం పొద్దున ఓనరమ్మ పాల ప్యాకెట్ల దగ్గర అమ్మను పలకరించింది. ''రెండు రాత్రుల సంది సప్పుడు లేదు. పంపిచ్చిన్రా ఏంది?'' అమ్మ జవాబు చెప్పేలోపే మెట్ల మీద పాప కనిపించింది. ఒళ్లో లడ్డు. ఆరున్నర డ్యూటీ. ఒకప్పుడు సందు దాటని పాప, కుక్కపిల్లను గుండెకు హత్తుకుని వేపచెట్టు దాకా వెళ్లింది. ఓనరమ్మ చూసింది. ''చెట్టు మొదట్ల బకెట్ నీళ్లు పొయ్యిన్రి మరి'' అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది.

తప్పులు ఆ తర్వాతా జరిగాయి. చుట్టాలొచ్చిన సంబరంలో ఒకసారి, దీపావళి టపాసులకు జడిసి ఇంకోసారి. ఎవరూ చెయ్యెత్తలేదు. గుడ్డ తెచ్చారు. కార్తీకం వచ్చేసరికి లడ్డుకు అయిదు నెలలు నిండాయి. పదిన్నరకు పడుకుంటే పొద్దున అయిదున్నర దాకా కదలడం లేదు. బోనులో చెక్క తీసేశారు. తలుపు మూయడం మానేశారు. అయినా రాత్రయితే తనంతట తానే వెళ్లి అందులోనే పడుకుంటుంది. గోడ మీద డ్యూటీ చార్టు పాప చింపేసింది.

తాతకు మాత్రం ఇంకా ఒంటిగంటన్నరకు మెలకువ వస్తుంది. గూడ్సుబండి కూత వింటాడు. చెయ్యి మంచం కిందికి వేలాడేస్తాడు. లడ్డు కళ్లయినా తెరవదు. చీకట్లో ఓ చిన్న నాలుక మాత్రం ఆ వేళ్లను ఒకసారి తడిపి ఊరుకుంటుంది.